కాలిఫోర్నియా హైస్కూల్లో ఇంగ్లీషు: ఏటేటా పెరిగేది ఏమిటి?

నమస్కారం. ఇదే పరిస్థితిలో ఉన్న మిగతా తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ అమ్మాయి హైదరాబాదులో సీబీఎస్‌ఈ తొమ్మిదో తరగతి మార్చిలో పూర్తిచేసింది. ఉద్యోగరీత్యా మీ కుటుంబం జూన్‌లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కు వస్తోంది. ఆగస్టులో అమ్మాయి పదో గ్రేడులో చేరాలి. స్కూలు కౌన్సెలర్ ఇంగ్లీష్ 10 అని రాసి పంపారు, వచ్చాక భాషా పరీక్ష ఒకటి ఉంటుందని కూడా అన్నారు. బంధువులలో ఒకరు ఆనర్స్ (అదే గ్రేడులో కాస్త కఠినమైన కోర్సు) అడగమంటున్నారు, మరొకరు తొమ్మిదో గ్రేడు మళ్లీ చదివించడమే క్షేమమంటున్నారు. అసలు ఇక్కడ తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఇంగ్లీషు ఎలా సాగుతుందో, మీ అమ్మాయి ఎక్కడ నిలబడుతుందో తెలుసుకోవాలన్నది మీ ప్రశ్న.

నేను ఈ ప్రాంతంలోనే ఒక ప్రభుత్వ హైస్కూల్లో చాలా ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. హైదరాబాదు, విజయవాడ, విశాఖల నుంచి వచ్చిన పిల్లలు దాదాపు ప్రతి ఆగస్టులోనూ నా క్లాసులో చేరుతుంటారు. వారిని చూసిన మీదట నాకు కలిగిన గట్టి నమ్మకాన్ని ముందే చెబుతాను. కోర్సు పేరు గురించి తల్లిదండ్రులు పడే ఆరాటంలో సగం పిల్లల రాత మీద పెడితే చాలా మేలు జరుగుతుంది. ఇక్కడి ఇంగ్లీషులో ఏటా పెరిగేది పాఠాల కాఠిన్యం మాత్రమే కాదు. నువ్వేమనుకుంటున్నావు, ఎందుకనుకుంటున్నావు, చదివిన దానిలోంచి రుజువు చూపించు అని అడిగే తీరు ఏటా పదునెక్కుతుంది.

మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది లెక్కలతో పోల్చుకోవడం వల్ల. లెక్కల్లో ఆల్జీబ్రా, జామెట్రీ, ఆ పైన కాల్క్యులస్ అంటూ వరుస ఉంటుంది. వచ్చిన పిల్లలు ఆ వరుసలో పైకి జరగవచ్చు, ఒక ఏడాది ముందుకు దూకవచ్చు. ఇంగ్లీషులో ఆ దూకుడు దాదాపు లేదు. పదో గ్రేడు పిల్లలందరూ పదో గ్రేడు ఇంగ్లీషే చదువుతారు. తేడా ఉంటే అదే గ్రేడులో మామూలు కోర్సు, ఆనర్స్ కోర్సు అన్న తేడా. మా అమ్మాయికి ఇంగ్లీషు బాగా వచ్చు, నేరుగా పదకొండో గ్రేడు ఇంగ్లీషులో కూర్చోబెట్టండి అని అడిగే తల్లిదండ్రులు ఏటా కనిపిస్తారు. కౌన్సెలర్ ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే మంచిది కూడా, ఎందుకో కింద ఉదాహరణతో చెబుతాను.

నిబంధనల సంగతి కొద్దిగా. కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం ప్రకారం హైస్కూలు పట్టా చేతికి రావడానికి కనీసం మూడేళ్ల ఇంగ్లీషు చాలు. కానీ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ), కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ రెండూ నాలుగేళ్ల ఇంగ్లీషు అడుగుతాయి, ప్రతి సెమిస్టరులోనూ సి గ్రేడు లేదా అంతకంటే మెరుగైనది ఉండాలంటాయి. అందుకే చాలా స్కూలు డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థలు) తమ పట్టాకు కూడా నాలుగేళ్లే పెట్టుకున్నాయి. సెమిస్టరుకు 5 క్రెడిట్లు, ఏడాదికి 10, మొత్తం 40. భారతదేశంలో చదివిన తొమ్మిదో తరగతి ఇంగ్లీషును, మార్కుల పత్రం సరిగా ఉంటే, కౌన్సెలర్ సాధారణంగా మొదటి ఏడాది ఇంగ్లీషుగా లెక్కలోకి తీసుకుంటారు. ఇక పదో తరగతి అనగానే మనకు గుర్తొచ్చే పబ్లిక్ పరీక్ష ఇక్కడ లేదు. ప్రతి సెమిస్టరులో రాసిన వ్యాసాలు, చిన్న పరీక్షలు, చర్చలు, ప్రాజెక్టులు అన్నీ కలిసి సెమిస్టరు గ్రేడు అవుతాయి. ఆ గ్రేడులన్నీ ట్రాన్‌స్క్రిప్టు అనే అధికారిక మార్కుల పత్రంలోకి ఎక్కి కాలేజీ దాకా వెంట వస్తాయి. చివరి రెండు నెలలు కూర్చుని చదివి గట్టెక్కే పద్ధతికి ఇక్కడ చోటు లేదు. సెప్టెంబరులో ఇవ్వని హోంవర్కు డిసెంబరు గ్రేడులో కనిపిస్తుంది.

ఏ గ్రేడులో ఏమి నేర్పాలో చెప్పే ప్రమాణాలను కాలిఫోర్నియా 2010లో ఆమోదించింది. వీటిని కామన్ కోర్ అంటారు. హైస్కూలు ఇంగ్లీషును అవి రెండు దశలుగానే చూస్తాయి: 9–10 ఒక దశ, 11–12 మరొక దశ. కాబట్టి మీ అమ్మాయి మొదటి దశ మధ్యలో చేరుతోంది, అది భయపడాల్సిన చోటు కాదు. ఏ పుస్తకాలు చదవాలన్నది చాలావరకు డిస్ట్రిక్టు, స్కూలు, ఉపాధ్యాయుల నిర్ణయం. ఊరంతటికీ ఒకే రీడరు, దానికొక గైడు అన్న ఏర్పాటు ఉండదు. పక్క స్కూల్లో చదివే మీ స్నేహితుల అబ్బాయి పుస్తకాల జాబితా తెచ్చుకుని ముందే చదివించినా, మీ అమ్మాయి క్లాసులో అవే వస్తాయన్న హామీ లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. గ్రేడు మారితే ఏమి మారుతుందో మాటల్లో చెబితే అందదు కాబట్టి, నేను కల్పించిన చిన్న కథ ఒకటి తీసుకుందాం. ఒక రైతు కూతురి పెళ్లి కోసం రెండెకరాలు అమ్మేశాడు. ఆ తర్వాత కూడా ఏటా తొలకరి పడగానే వెళ్లి ఆ పొలం గట్టు మీద నిలబడతాడు. గట్టెక్కే ముందు చెప్పులు విడుస్తాడు. కొన్నవారి ట్రాక్టరు దున్నుకుంటూ పోతుంటుంది. చీకటి పడ్డాక ఇంటికి వస్తే, భార్య ఏమీ అడగకుండా కాళ్లకు నీళ్లిస్తుంది. కథ అంతే.

మన దగ్గర దీని కింద వచ్చే ప్రశ్న ఎలా ఉంటుందో మీకు తెలుసు. రైతు పొలం ఎందుకు అమ్మాడు, ఏటా ఎక్కడికి వెళ్లేవాడు, అతని స్వభావాన్ని వివరించుము. జవాబు పాఠంలోనే ఉంటుంది. తప్పుల్లేకుండా, చక్కటి చేతిరాతతో, చెప్పిన పదాల పరిమితిలో రాస్తే పూర్తి మార్కులు. ఈ పద్ధతిని నేను చిన్నచూపు చూడను. మన పిల్లలకు వ్యాకరణం మీద, పదసంపద మీద ఉన్న పట్టు చాలావరకు ఇందులోంచే వచ్చింది, ఇక్కడికి వచ్చాక అది చాలా అక్కరకు వస్తుంది.

తొమ్మిదో గ్రేడులో ఇక్కడ అడిగేది వేరు. కథలో ఏమి జరిగిందన్నది అందరూ చదివారు కాబట్టి అది ఎవరూ అడగరు. ఈ రైతు గురించి నువ్వు నమ్మే మాట ఒకటి చెప్పు అంటారు. పొలం చేజారినా దాని మీద అతనికున్న భక్తి చేజారలేదు అని పిల్ల రాసిందనుకోండి, అది క్లెయిమ్. దానికి ఆధారంగా చెప్పులు విడిచిన వాక్యాన్ని ఉటంకింపు గుర్తుల మధ్య పెట్టి, పేజీ సంఖ్య వేయాలి, అది ఎవిడెన్స్. ఆ తర్వాత రెండు మూడు వాక్యాల్లో ఆ ఆధారం ఆ మాటను ఎలా నిలబెడుతోందో విప్పి చెప్పాలి. చెప్పులు విడవడం గుడి ముందు, ఇంటి గడప ముందు చేసే పని, బయటివాడి పొలం ముందు ఎవరూ చేయరు, కాగితాల మీద హక్కు పోయినా అతని ఒంట్లోని మర్యాద పోలేదు అని. దీన్ని ఇక్కడి ఉపాధ్యాయులు కామెంటరీ అంటారు. మన పిల్లలు మొదటి సెమిస్టరులో మార్కులు పోగొట్టుకునేది నూటికి తొంభై పాళ్లు ఇక్కడే. ఆధారం చక్కగా ఎత్తి రాస్తారు, తర్వాత కథ చెప్పడం మొదలుపెడతారు. వ్యాసం అంచున ఉపాధ్యాయులు "అయితే ఏమిటి?" అని పదే పదే రాస్తుంటే, అడుగుతున్నది ఈ కామెంటరీ గురించే. తొమ్మిదో గ్రేడంతా ఈ ఒక్క పేరానే తిప్పి తిప్పి రాయిస్తారు. చిన్న కథలు, ఒక షేక్స్‌పియర్ నాటకం, ఒకటి రెండు నవలలు దానికి సరుకు.

పదో గ్రేడుకు వచ్చేసరికి ఏమిటి నుంచి ఎలా వైపు ప్రశ్న జరుగుతుంది. రచయిత దుఃఖం అనే మాట కథలో ఎక్కడా వాడలేదు. అయినా చదివినవారికి గొంతు పట్టుకుంటుంది, ఎలా సాధించాడు? కదిలే ట్రాక్టరును, కదలని మనిషిని ఒకే చోట పెట్టాడు. కథను దూరం నుంచి చెప్పాడు, రైతు మనసులోకి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఇలాంటివి పట్టుకుని నాలుగైదు పేరాల వ్యాసం రాయాలి, మొదటి పేరాలో వ్యాసమంతటికీ ఆధారమైన ఒక్క వాక్యం ఉండాలి, దాన్ని థీసిస్ అంటారు. చాలా స్కూళ్లలో పదో గ్రేడు ఇంగ్లీషులో ప్రపంచ సాహిత్యం ఎక్కువగా ఉంటుంది, అదే ఏడాది సోషల్ సబ్జెక్టులో ప్రపంచ చరిత్ర ఉంటుంది కాబట్టి రెండూ కలిసి నడుస్తాయి. కథలతో పాటు ఉపన్యాసాలు, వ్యాసాలు కూడా చదివిస్తారు. గెటిస్‌బర్గ్‌లో లింకన్ ప్రసంగం, బర్మింగ్‌హాం జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన లేఖ వంటివి ఈ దశకు ప్రమాణాల్లోనే పేర్కొన్నారు. కింగ్ లేఖ చదివే రోజుల్లో గాంధీజీ గురించి, సత్యాగ్రహం గురించి తెలిసిన పిల్లలు నోరు విప్పితే క్లాసంతా ఆగి వింటుంది. మీ అమ్మాయికి అక్కడ చెప్పగలిగింది ఉంది, ఆ సంగతి తనకు ముందే చెప్పి పెట్టండి. ఆధారాలు వెతికి, ఎక్కడి నుంచి తీసుకున్నదీ చివర ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో జాబితాగా రాసే పరిశోధన వ్యాసం కూడా సాధారణంగా ఈ గ్రేడులో గట్టిగా మొదలవుతుంది.

పదకొండో గ్రేడు చాలామందికి అన్నింటికంటే బరువైన ఏడాది. సాహిత్యం ఎక్కువగా అమెరికాది, పక్కనే అమెరికా చరిత్ర కోర్సు. స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగ పీఠిక, లింకన్ రెండో ప్రమాణ స్వీకార ప్రసంగం లాంటి పత్రాలను కథల్లాగే విడదీసి చదవాలి. ఎవరితో మాట్లాడుతున్నాడు, ఏ భయాన్ని లేదా ఏ ఆశను తాకుతున్నాడు, ఈ మాట ఇక్కడే ఎందుకు పెట్టాడు అని. మన రైతు కథ పక్కన భూసేకరణ గురించి ఒక పత్రికా సంపాదకీయం, ఒక ప్రభుత్వ ప్రకటన, పల్లెల నుంచి వలస మీద ఒక వ్యాసం పెట్టి, వీటిని చదివి నీ వాదన చెప్పు అంటారు. అంతటితో వదలరు. నీ వాదనకు ఎదురు నిలిచే బలమైన మాటను నువ్వే న్యాయంగా చెప్పి, దానికి జవాబివ్వు అంటారు. ఎదుటివారి మాటను బలహీనంగా చూపించి కొట్టేస్తే మార్కులు పోతాయి. ఈ ఏడాది వసంతంలోనే రాష్ట్రమంతటా స్మార్టర్ బ్యాలెన్స్‌డ్ పరీక్ష ఉంటుంది. పట్టాకు దానితో సంబంధం లేదు, కానీ అందులోని ఇంగ్లీషు ఫలితాన్ని బట్టి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ ఆ పిల్ల కాలేజీ ఇంగ్లీషుకు సిద్ధంగా ఉందో లేదో అంచనా వేసుకుంటుంది.

పన్నెండో గ్రేడులో దారులు చీలుతాయి. కొన్ని స్కూళ్లలో బ్రిటిష్ సాహిత్యం, కొన్నింట్లో సినిమా, సమకాలీన రచనలు, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ అధ్యాపకులు హైస్కూలు ఉపాధ్యాయులతో కలిసి తయారుచేసిన విశ్లేషణాత్మక పఠన రచన కోర్సు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) సాహిత్యం ఉంటాయి. అడిగే ప్రశ్న మరింత లోతుకు వెళుతుంది. రైతు కథలో భార్యకు ఒక్క మాట కూడా లేదు, పెళ్లయిన కూతురు కనిపించనే కనిపించదు, ఆ మౌనం రచయిత ఉద్దేశమా లేక అతని చూపులోని లోపమా? దీనికి ఒకే సరైన జవాబు లేదు, నిలబడే జవాబులు చాలా ఉన్నాయి. ఇదే గ్రేడు మొదటి మూడు నెలల్లో కాలేజీ దరఖాస్తు వ్యాసాలు రాయాలి. యూసీ దరఖాస్తులో 8 ప్రశ్నలు ఇచ్చి 4 ఎంచుకోమంటారు, ఒక్కోదానికి 350 పదాలు దాటకూడదు. ఆ నాలుగు జవాబుల్లో కనిపించే గొంతు తొమ్మిదో గ్రేడు పేరాల్లో మొదలై ఉండాలి, నవంబరులో హఠాత్తుగా రాదు.

ఇప్పుడు అర్థమైంది కదా, ఒక గ్రేడు ఇంగ్లీషును దాటవేయడం ఎందుకు మంచిది కాదో. దాటవేసినది ఒక పుస్తకం కాదు, ఒక అలవాటు పడే కాలం.

ఆనర్స్ గురించి మీరు సూటిగా అడిగారు, నేనూ సూటిగా చెబుతాను. మొదటి ఏడాది మామూలు ఇంగ్లీష్ 10 తీసుకోనివ్వండి. కొన్ని స్కూళ్లు 9, 10 గ్రేడుల్లో ఇంగ్లీషు ఆనర్స్‌ను తీసేసి అందరినీ ఒకే క్లాసులో కూర్చోబెడుతున్నాయి, కాబట్టి మీ స్కూల్లో అది ఉందో లేదో ముందు తెలుసుకోండి. ఉన్నా తొందర అక్కరలేదు. యూసీ లెక్కగట్టే సగటులో తొమ్మిదో గ్రేడు మార్కులు చేరవు, పది, పదకొండు గ్రేడులవే చేరతాయి. ఆనర్స్, ఏపీ కోర్సులకు అదనపు పాయింటు మొత్తం 8 సెమిస్టర్లకు మించి ఇవ్వరు, అందులో పదో గ్రేడువి 4 సెమిస్టర్లకు మించకూడదు. స్కూలు సొంతంగా ఆనర్స్ అని పేరు పెట్టుకున్న కోర్సుకు యూసీ ఆమోదం లేకపోతే ఆ అదనపు పాయింటు అసలే రాదు. కొత్త దేశం, కొత్త స్నేహితులు, కొత్త పద్ధతి అన్నీ ఒకేసారి మీదపడే ఏడాదిలో, దొరికే ఆ చిన్న లాభం కోసం రాత నేర్చుకునే స్థిమితాన్ని పోగొట్టడం నాకు నచ్చదు. పదకొండో గ్రేడుకు కోర్సులు ఎంచుకోవడం సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరుగుతుంది. అప్పటికి తన వ్యాసాలే చెబుతాయి, పై మెట్టుకు సిద్ధంగా ఉందో లేదో.

ఆ పై మెట్టు ఎక్కువ స్కూళ్లలో ఏపీ లాంగ్వేజ్. పేరు చూసి వ్యాకరణ కోర్సు అనుకుంటారు, కాదు. అది వాదనల కోర్సు. మే నెలలో జరిగే పరీక్షలో 45 బహుళైచ్ఛిక ప్రశ్నలకు గంట, మూడు వ్యాసాలకు రెండుంబావు గంటలు. ఒక వ్యాసంలో ఇచ్చిన ఆరు ఆధారాల్లో కనీసం మూడింటిని వాడుతూ సొంత వాదన కట్టాలి. రెండోది ఒక రచయిత తన ఉద్దేశాన్ని ఎలా సాధించాడో విశ్లేషించేది. మూడోది సొంత జ్ఞానంతో రాసే వాదన. ఒక్కో వ్యాసానికి 6 పాయింట్లు: థీసిస్‌కు 1, ఆధారాలకూ వాటి వివరణకూ కలిపి 4, ఆలోచనలోని పరిపక్వతకు 1. ఆ నాలుగు పాయింట్లు చూడండి, తొమ్మిదో గ్రేడు పేరాలో నేర్పిన ఎవిడెన్స్, కామెంటరీలే అవి. ఏపీ లిటరేచర్‌ను ఎక్కువమంది పన్నెండులో తీసుకుంటారు, అందులో 55 ప్రశ్నలు, రెండు గంటల్లో మూడు వ్యాసాలు. 2025 నుంచి రెండు పరీక్షలూ కంప్యూటర్ మీదే, కాబట్టి టైపు చేస్తూ ఆలోచించడం కూడా అలవాటు కావాలి. రెండూ తీసుకోవాలన్న నియమం లేదు. ఇంజనీరింగు వైపు వెళ్లే పిల్లకైనా లాంగ్వేజ్ కోర్సు మంచిదంటాను, సాహిత్యం మీద ప్రేమ లేని పిల్లను లిటరేచర్‌లో కూర్చోబెట్టవద్దంటాను.

కమ్యూనిటీ కాలేజీ దారి కూడా ఉంది. హైస్కూల్లో ఉండగానే అక్కడ తీసుకునే ఒక సెమిస్టరు కాలేజీ ఇంగ్లీషును యూసీ ఏడాది హైస్కూలు ఇంగ్లీషుతో సమానంగా చూస్తుంది. పన్నెండో గ్రేడులో కొందరికి ఇది చక్కగా సరిపోతుంది. మొదటి రెండేళ్లలో మాత్రం వద్దు.

భాషా పరీక్ష గురించి మీరు కంగారు పడుతున్నారని మీ మాటల్లో తెలుస్తోంది. చేరేటప్పుడు ఇంటి భాష గురించి ఒక చిన్న పత్రం ఇస్తారు. బిడ్డ మాటలు నేర్చినప్పుడు మొదట ఏ భాష నేర్చింది, ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడుతుంది, మీరు బిడ్డతో ఏ భాషలో మాట్లాడతారు, ఇంట్లో పెద్దలు తమలో తాము ఏ భాష వాడతారు అని నాలుగు ప్రశ్నలుంటాయి. వీటిలో మొదటి మూడింటిలో ఏ ఒక్కదానికైనా తెలుగు అని రాస్తే ఎల్‌ప్యాక్ అనే ఇంగ్లీషు భాషా పరీక్ష పెడతారు. చేరిన 30 రోజుల్లోగా అది పూర్తవుతుంది, వద్దని తప్పుకునే వీలు తల్లిదండ్రులకు లేదు. దాన్ని తప్పించుకోవడానికి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతామని రాసేవారు ఉన్నారు. దయచేసి అలా రాయకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగింటిలోనూ పరీక్షిస్తారు. ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన పిల్లల్లో చాలామంది మొదటి పరీక్షలోనే భాష బాగా వచ్చినవారిగా తేలుతారు, ఆ కథ అక్కడితో ముగుస్తుంది.

తేలకపోతే? అప్పుడు కూడా లోకం తలకిందులు కాదు. పిల్లకు ఇంగ్లీషు నేర్చుకుంటున్న విద్యార్థి అన్న గుర్తింపు వస్తుంది, స్కూలు అదనంగా భాషా బోధన ఇవ్వాలి, ఏటా వసంతంలో మళ్లీ పరీక్ష ఉంటుంది. అందులో అన్నింటికంటే పైదైన నాలుగో స్థాయి అందుకున్నాక, ఉపాధ్యాయుల అంచనా, మీతో సంప్రదింపు, తోటి పిల్లలతో పోల్చే ప్రాథమిక నైపుణ్యాల ఫలితం చూసి ఆ గుర్తింపు తీసేస్తారు. మీరు కనిపెట్టి చూడాల్సింది ఒకటే: ఆ అదనపు భాషా క్లాసు ఇంగ్లీష్ 10కి తోడుగా ఉందా, లేక దాని స్థానంలో ఉందా? యూసీ అడిగే నాలుగేళ్లలో అలాంటి భాషా క్లాసు ఒక్క ఏడాదికి మించి లెక్కలోకి రాదు. ఇది కౌన్సెలర్‌ను మొదటి సమావేశంలోనే అడగండి, మర్యాదగా, కానీ స్పష్టంగా.

మరొక విషయం తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం నొక్కి చెబుతున్నాను. మంచి వాక్యం కనిపిస్తే కంఠస్థం చేసి జవాబులో వాడుకోవడం మన చదువులో మెచ్చుకునే పని. ఇక్కడ అదే వాక్యాన్ని ఉటంకింపు గుర్తులు లేకుండా, ఎవరిదో చెప్పకుండా వాడితే దొంగతనం కింద లెక్క. ఆ వ్యాసానికి సున్నా వేసి ఇంటికి ఉత్తరం పంపే స్కూళ్లు చాలా ఉన్నాయి. ఏ చెడు ఉద్దేశమూ లేని పిల్లలు దీనిలో చిక్కుకుని ఏడవడం చూశాను. ఇంటర్నెట్‌లోని సారాంశాలు, కృత్రిమ మేధ రాసిన పేరాలు కూడా ఇంతే. ఇప్పుడు చాలామంది ఉపాధ్యాయులు వ్యాసాలను క్లాసులోనే చేత్తో రాయిస్తున్నారు, కంప్యూటర్ మీద రాస్తే చిత్తు ప్రతులు ఎలా మారుతూ వచ్చాయో కూడా చూస్తున్నారు. మీ అమ్మాయి సొంతంగా రాసిన వంకర వాక్యానికి ఇక్కడ విలువ ఉంది, దాన్ని సరిచేయడానికి ఉపాధ్యాయులు సిద్ధంగా ఉంటారు. వేరొకరి తిన్నని వాక్యానికి విలువ లేదు.

నోరు విప్పడం కూడా గ్రేడులో భాగమే. కుర్చీలు గుండ్రంగా వేసి, ఉపాధ్యాయుడు పక్కకు తప్పుకుని, పిల్లలే ఒక పుస్తకం గురించి మాట్లాడుకునే రోజులుంటాయి. మన పిల్లలు పెద్దల ముందు అణకువగా ఉండాలని నేర్చుకున్నారు, పిలిస్తేనే మాట్లాడతారు. ఆ రోజు మౌనంగా కూర్చుంటే చదవలేదని అనుకుంటారు. ఉచ్చారణ గురించి బెంగ వద్దు, ఈ ప్రాంతపు క్లాసుల్లో పది రకాల ఉచ్చారణలు వినిపిస్తాయి. ముందు రోజు రాత్రి పుస్తకంలో రెండు చోట్ల గుర్తు పెట్టుకుని, వాటి మీద ఒక ప్రశ్న, ఒక అభిప్రాయం కాగితం మీద రాసుకుని వెళ్లమనండి. మొదటి పది నిమిషాల్లోనే ఒకటి చెప్పేస్తే మిగతా గంటంతా తేలిక.

ఆగస్టు దాకా ఉన్న నెలల్లో ఏమి చేయాలి అంటే, ట్యూషన్లు, వ్యాకరణ పుస్తకాలు వద్దంటాను. తనకు ఇష్టమైన ఇంగ్లీషు నవల ఒకటి, ఏదైనా సరే, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవనివ్వండి. పాఠ్యపుస్తకంలోని నాలుగు పేజీల భాగాలకు అలవాటుపడిన కళ్లు రెండు వందల పేజీలు మోయడం నేర్చుకోవాలి, ఇక్కడ వారానికి అరవై డెబ్బై పేజీలు చదవమనడం మామూలు. చదువుతూ అంచున పెన్సిలుతో రాయమనండి. పుస్తకంలో రాస్తే సరస్వతికి అపచారం అనిపిస్తే అంటించే కాగితాల మీద రాయవచ్చు. వారానికి రెండు మూడు పేరాలు, పైన రైతు కథతో చూపినట్టు, ఒక మాట, ఒక ఆధారం, మూడు వాక్యాల వివరణ. అవి మీరు దిద్దవద్దు. చదివి, ఎందుకలా అనుకుంటున్నావు అని మాత్రం అడగండి. తెలుగులోనే అడగండి. మీ ఇంట్లో తెలుగు కథలు చదివే అలవాటు ఉంటే వాటి మీద ఇలా మాట్లాడుకోవడం కూడా అంతే పనిచేస్తుంది. రుజువు చూపించి మాట్లాడే అలవాటు ఒక భాషలో పడితే రెండో భాషలోకి వెళ్లడానికి ఎంతో కాలం పట్టదు.

తొమ్మిదో గ్రేడు మళ్లీ చదివించమన్న సలహాను పట్టించుకోకండి. వయసు పదో గ్రేడుకు సరిపోతుంది, తొమ్మిదో తరగతి పూర్తయింది, ఇంగ్లీషులో 9, 10 గ్రేడులు ఒకే దశ. ఒక్క ఇంగ్లీషు కోసం ఏడాది వెనక్కి జరిపితే తోటి పిల్లల కంటే పెద్దదై, అన్ని సబ్జెక్టుల్లోనూ తెలిసినదే మళ్లీ వింటుంది.

బయలుదేరే ముందు ఎనిమిది, తొమ్మిది తరగతుల మార్కుల పత్రాలు స్కూలు ముద్రతో రెండేసి ప్రతులు, బదిలీ ధ్రువపత్రం, టీకాల వివరాలు చేతి సంచిలో పెట్టుకోండి. తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో ఏమేమి చదివారో స్కూలు లెటర్‌హెడ్ మీద అర పేజీ రాయించుకోగలిగితే కౌన్సెలర్ పని సులువవుతుంది. స్కూలు మొదలైన రెండు మూడు వారాలకు అమ్మాయికి మొదటి వ్యాసం తిరిగి వస్తుంది. మార్కు ఎంతైనా కంగారు పడవద్దు. దానితో పాటు వచ్చే రూబ్రిక్‌లో (దేనికెన్ని మార్కులో చూపే పట్టిక) ఏ గడిలో తగ్గిందో చూసి, మధ్యాహ్న భోజన సమయంలోనో, స్కూలు అయ్యాకో ఉపాధ్యాయుల దగ్గరికి తననే స్వయంగా వెళ్లి అడగమనండి. ఆ మొదటి వ్యాసం వచ్చాక, మీకు అభ్యంతరం లేకపోతే, అందులో ఒక పేరా ఇక్కడ పెట్టండి, ఏమి మార్చవచ్చో చూసి చెబుతాను.